కొలతల బుక్కు

నాయిన పోయినంక మిషిన్ నాకొచ్చింది.
మిషిన్ సొరుగుల ఈ బుక్కు,
అట్ట ఊసిపోయి, నూనె వాసన కొట్టుకుంట.
చండూరు అంగడెనక సందుల మేర పండరి
నలభై ఏండ్లు కొలిచిన ఒళ్లన్నీ ఇందులున్నయి.
పేరు, బుజం, ఛాతి, చెయ్యి పొడుగు.
పక్కన సన్నటి అక్షరాల్ల
తనకోసం తను రాసుకున్న మాట.

'సుంకరి బాలనర్సు. మెడ ముందుకు.
కాలరు ఎనక అరంగుళం దించాలె.'
ఆ తాత నాకెరికే.
గడి కూలి, దాని దర్వాజలు జనం పొయ్యిల కాలి
అప్పటికే ముప్పై ఏండ్లు.
అయినా బజాట్ల కిర్రుచెప్పుల సప్పుడినవడ్తే
ఆయన మెడ దానంతట అదే కిందికి వొయ్యేది.
దొర పోయిండు,
దొర కోసం ఒంగిన ఎముక పోలే.
నాయిన దాన్ని సరిజేస్త అనలే.
ఎముకెట్లుంటె బట్టట్ల కత్తిరించిండు.

కింది పేజీల కొడుకు, ముత్తిలింగం.
'ఈపు రెండంగుళాలు ఎక్కువ, ముంగట రెండు తక్కువ.'
ఈయన ఎవ్వలికీ ఒంగలే.
సంఘంల తిరిగిండు, లాఠీ దెబ్బ తిన్నడు,
దొర మనుమని ముంగట కుర్సీల కాలు మీద కాలేసుకున్నడు.
బోరింగు నీళ్లు తాగిండు, అంతే.
ముప్పై అయిదుకే ఈపు విల్లయింది.
తండ్రిని ఒక మనిషి ఒంచిండు,
కొడుకును యాడనో ఒక ఆఫీసుల
లేవకుంట పండుకున్న ఫైలు ఒంచింది.
కత్తెరకు తేడా తెల్వది.

కొర్ర తావుర్యా పేరు ఏడుసార్లున్నది.
పూనాల సెంట్రింగు పని, పీర్ల పండుగకొచ్చేది.
ముప్పై ఆరు. ముప్పై అయిదు. ముప్పై మూడు.
'పోయినేటి కొలత పనికిరాదు' అని ప్రతిసారి.
ఎనిమిదోసారికి గీత కొట్టి వెట్టిండు నాయిన,
గీత మీద ఏం రాయలే.

'గుర్రం అండాలు, సర్పంచి.
కొలత తీయలే. మొగడు పాత జాకిట్ తెచ్చిండు.'
నాలుగేండ్లు అదే పాత జాకిట్టు,
సంతకం ఆమెది, స్టాంపు ఆయన జేబుల.
అయిదో ఏడు ఒక్కతే వచ్చి
'పండరన్నా, నన్ను కొలువు' అన్నది.
రెండంగుళాలు తేడా వచ్చింది.
అన్నేండ్లు ఆమె ఊపిరి బిగవట్టుకొనే ఉన్నదని
ఊర్ల ఎవ్వలికీ తెల్వది,
ఆమెకు గూడ.

ఓట్ల నెలల్ల బుక్కు ఖాళీ.
కండువలకు కొలతెందుకు, అందరి మెడకూ ఒకటే పొడుగు.
ఈ రంగు పొద్దుగూకెదాంక, ఆ రంగు తెల్లార్లూ.
నేను కూడ అంచులు మడిచి కుట్టిన.
ఆ పైసలే నా పదో తరగతి ఫీజు,
అబద్ధమెందుకు.

ఆఖరి పేజీల నేనున్న.
'బిడ్డ. పదమూడేండ్లు. అన్నీ రెండంగుళాలు వదులు.'
వదులు కింద రెండు గీతలు.
ఆ యేడు సందు మొదట్ల సైకిల్ షాపు పిలగాండ్లు
ఈల వెయ్యవట్టిండ్రు.
వాళ్లను ఎవ్వలేమనలే. నన్నూ ఏమనలే.
నా లంగ జాకిట్టు మాత్రం పెద్దగైంది.
ఆ వదుల్లనే పెరిగిన.
ఇప్పుడు నలభై ఒకటి నాకు,
సరిగ్గ కుదిరిన బట్ట ఏసుకుంటె
ఒంటి మీద బట్ట లేనట్టే ఉంటది.

నాయిన కొలత మాత్రం బుక్కుల యాడా లేదు.
ఆయన అంగీలన్ని గిరాకి గుడ్డల మిగిలిన పేలికలు:
ఒక చెయ్యి చారల్ది, ఒకటి తెల్లది,
ఏ ముక్క ఎంతుంటె
నాయిన అంత.

ఇయ్యాల పొద్దుగాల ఒకామె బిడ్డను తీస్కొచ్చింది,
బడి డ్రెస్సు కుట్టాలె.
'జెర వదులుగ వెట్టు' అన్నది.
నేను పిల్లనడిగిన, 'నీకెట్ల గావాలె?'

పిల్ల తల్లి దిక్కు సూసింది.
టేపు నా మెడలనే ఉన్నది.